అడవి దారికి కమాన్ కట్టేవాళ్లు

కమాన్ అంటే బండి బరువు మోసే ఉక్కు పట్టీల కట్ట, లీఫ్ స్ప్రింగు. దాన్ని కట్టే మిస్త్రీలు, పట్టీ విరిగి వచ్చిన బండి కిందికి దూరి, విరిగిన చోటు చూసి, ఆ బండి ఇన్నాళ్లూ ఎలా నడిచిందో చెప్పేస్తారు. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా సారపాక, భద్రాచలం దాకా రోడ్డు పక్క రేకుల షెడ్లలో ఈ పని తెలిసినవాళ్లు ఉన్నారు. పట్టీ నట్టనడుమ, సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర విరిగిందంటే కట్టను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులు ఎప్పుడో వదులయ్యాయి, డ్రైవరు చూసుకోలేదు. చివర, బుష్ కూర్చునే చుట్ట దగ్గర విరిగిందంటే ఆ కొసను చాసీకి కలిపే షాకిల్ కదలకుండా పట్టేసి ఉండాలి, లేదా మోయలేనంత లోడు పడి ఉండాలి. రెండో పట్టీ కొస ఆనే చోట, అన్నిటికంటే పైనుండే మెయిన్ పట్టీ విరిగితే తప్పు డ్రైవరుది కాదు, కట్ట కట్టినవాడిది. విరిగిన ముఖాన్ని గుడ్డతో తుడిచి చూస్తే ఒక అంచున నల్లగా, తుప్పు రంగులో, సగం చందమామ ఆకారంలో మరక కనిపిస్తుంది. పగులు అక్కడ మొదలై నెలల తరబడి పాకింది. మిగతా భాగం తళతళలాడుతూ గరుకుగా ఉంటుంది. అది ఆఖరి గోతిలో ఒక్క దెబ్బకు తెగిన భాగం. పాత మరక ఎంత పెద్దదైతే అంతకాలం బండి హెచ్చరిస్తూనే ఉందన్నమాట.

కాలేజీ లాబ్‌లో దీన్ని లోహపు అలసట అని పాఠంగా చెబుతారు. ఈ షెడ్లలో అది రోజువారీ పని. అమెరికా, ఆస్ట్రేలియాల్లో అడవుల్లో, ఎడారుల్లో తిరిగే బండ్లకు సస్పెన్షన్ కట్టే షాపులకు పెద్ద పేరుంది. మెల్‌బోర్న్‌లో 1975లో మొదలైన ఏఆర్‌బీ లాంటి సంస్థ అలాంటి బండ్ల సామాన్లతోనే ప్రపంచమంతా తెలిసింది. మన దగ్గర అదే పని బోర్డు కూడా సరిగ్గా లేని షెడ్లలో, వారాంతపు సరదా కోసం కాకుండా బతుకుతెరువు బండ్ల కోసం జరుగుతోంది. అందుకే దీన్ని దగ్గరగా చూసి రాయాలనిపించింది.

ముందు దారుల సంగతి. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం నుంచి కొత్తగూడెం, భద్రాచలం, కుంట మీదుగా జగదల్‌పూర్ వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి బాగానే ఉంటుంది. దాని మీద నుంచి పక్కకు దిగితేనే అసలు పరీక్ష. చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం, వాజేడు వైపు లోపలి గూడేలకు పోయే దారుల్లో ఎండాకాలం ఎర్రదుమ్ము, రాళ్లు, వాగు ఇసుక. వాన పడితే నల్లరేగడి చక్రాన్ని ఇరుసు దాకా పట్టేస్తుంది. తాలిపేరు, కిన్నెరసాని, ఇంకా పేరు కూడా లేని ఎన్నో వాగులు దారుల్ని కోసేస్తాయి. లోడ్లు కూడా ఒక్క తీరువి కావు. వేసవిలో తునికాకు కట్టలు, పంట చేతికొచ్చాక ఖమ్మం యార్డుకు మిర్చి బస్తాలు, సారపాక పేపరు మిల్లుకు జామాయిల్ కర్ర, మణుగూరు వైపు బొగ్గు టిప్పర్లు, ఖమ్మం చుట్టూ గ్రానైట్ దిమ్మెలు, సంత రోజున జీపు నిండా మనుషులు, మేకలు, ఉప్పు మూటలు. మిర్చి బస్తా మెత్తగా కూర్చుంటుంది. గ్రానైట్ దిమ్మె కదిలితే దాని బరువంతా ఒకే పక్క కమాన్ మీద పడుతుంది. పచ్చి జామాయిల్ దుంగలు బండి వెనక్కి పొడుచుకొచ్చి వెనక కమాన్‌ను అణిచి, ముందు చక్రాల్ని తేలుస్తాయి. ఒకే మోడల్ బండికి మూడు రకాల కట్టలు కావాలి. కంపెనీ కట్టేది ఒక్కటే. ఆ తేడాను పూడ్చేది ఈ షెడ్డు.

బండ్లలో జీపుది పెద్ద కథ. మహీంద్రా వాళ్లు 1940ల చివర్లో విల్లీస్ జీపుల్ని ఇక్కడ బిగించడం మొదలుపెట్టారు. ఆ వంశంలోని ఎంఎం 540, కమాండర్, మార్షల్, ఇంకో పక్క ఫోర్స్ ట్రాక్స్ ఏజెన్సీ దారుల్ని దశాబ్దాలు ఏలాయి. 2000లో వచ్చిన బొలెరో ముందు చక్రాలకు కాయిల్ స్ప్రింగు, వెనక కమాన్ కట్ట పెట్టుకుంది. దాని పికప్పులే ఇప్పుడు ఈ ప్రాంతపు గాడిదచాకిరీ అంతా చేస్తున్నాయి. పట్టీల మీద పట్టీలు పేర్చి బండిని మోయించే పద్ధతి మాత్రం పాతది. గుర్రపు బగ్గీలకు దీర్ఘవృత్తపు స్ప్రింగు కట్టే పద్ధతికి ఇంగ్లండులో ఒబడయా ఇలియట్ పేటెంటు తీసుకున్నది 1804లో. రెండు వందల ఏళ్ల తర్వాత కూడా లోడు బండికి దీన్ని మించింది దొరకలేదు. బరువు మోస్తుంది, ఇరుసును తిన్నగా పట్టి ఉంచుతుంది, పట్టీల మధ్య రాపిడితో ఊపును చంపుతుంది. మెయిన్ పట్టీ కాక ఇంకొకటి విరిగినా మిగతావి బండిని ఊరు చేరుస్తాయి. విరిగింది ఒక్కటే మార్చుకోవచ్చు. భద్రాచలం దాటాక ఈ చివరి రెండు గుణాల విలువ డ్రైవర్లకు బాగా తెలుసు.

పికప్పు డ్రైవరు వచ్చి అడిగేది ఎప్పుడూ ఒకటే. "అన్నా, బండి కూసుంటంది, ఒక లావు పట్టీ ఎక్కియ్యి." పని తెలిసిన మిస్త్రీ వెంటనే జాకీ ఎత్తడు. "ఏం లోడ్ ఏస్తున్నవ్ తమ్మీ? వచ్చేటప్పుడు ఖాళీగ వస్తవా?" అని అడుగుతాడు. ఈ రెండో ప్రశ్నలోనే ఈ విద్య అంతా ఉంది. లోడుతో పోయిన బండి ఖాళీగా తిరిగొస్తుంది. లోడుకు మాత్రమే కట్టిన కమాన్ ఖాళీ బండిలో వంగదు. వంగని కమాన్ దారి దెబ్బల్ని చాసీకి, బాడీ బోల్టులకు, డ్రైవరు నడుముకు పంపిస్తుంది. వెనక చక్రాలు నేలను వదిలి ఎగురుతాయి, బ్రేకు వేస్తే బండి పక్కకు తిరుగుతుంది. బిగిస్తే బండి నిలుస్తుందని డ్రైవరు అనుకుంటాడు. ఎంతవరకు వంగనివ్వాలో తేల్చడమే తన పని అని మిస్త్రీకి తెలుసు.

లావు పట్టీ ఎందుకు వద్దంటాడో లెక్క చూడండి. పట్టీ బిగువు దాని మందం ఘనంతో పెరుగుతుంది. 8 మిల్లీమీటర్ల పట్టీ తీసి అదే వెడల్పు, అదే పొడవు ఉన్న 10 మిల్లీమీటర్ల పట్టీ పెడితే మందం పెరిగింది పావు వంతే, బిగువు మాత్రం దాదాపు రెట్టింపు. 8ని మూడుసార్లు గుణిస్తే 512, 10ని గుణిస్తే 1000. అంటే 8 మిల్లీమీటర్ల పట్టీలు రెండు కలిస్తే ఒక్క 10 మిల్లీమీటర్ల పట్టీ బిగువు వస్తుంది. రెండు విధాలా మోసేది ఒకే బరువైతే లావుదొక్కటి వేస్తే చవక కదా అనిపిస్తుంది. అక్కడే ఉంది చిక్కు. పెద్ద గోతిలో చక్రం, ఇరుసును ఆపే బంప్ స్టాప్ దాకా పైకి పోయినప్పుడు కట్టలోని పట్టీలన్నీ ఒకే మేర వంగి తీరాలి. ఒకే మేర వంగినప్పుడు లావు పట్టీ పై పొర మీద పడే లాగుడు సన్నదాని కంటే పావు వంతు ఎక్కువ. అది ముందు పగులుతుంది. రెండు సన్న పట్టీలైతే అంతే బరువు మోస్తూ తక్కువ నలుగుతాయి, పైగా వాటి మధ్య రాపిడి వల్ల ఊపు కూడా తగ్గుతుంది. ఈ ఘనాల లెక్క కాగితం మీద ఎన్నడూ వేయని మిస్త్రీలు చాలామంది చేతి అనుభవంతో ఇదే తీర్పుకు వచ్చారు. "లావుది ఇరుగుతది, సన్నయి రెండు ఏద్దాం" అన్న మాటలో ఆ ఫార్ములా మొత్తం ఉంది. నాకు ఈ పనిలో అన్నిటికంటే నచ్చింది ఇదే.

ఇక కట్ట కట్టడం. విప్పిన పట్టీలన్నిటినీ మురికి గీకి, కిరసనాయిలుతో కడిగి నేల మీద వరసగా పరుస్తారు. ఒక్కోదాన్ని వేలాడదీసి సుత్తితో చిన్న దెబ్బ వేస్తారు. మంచి పట్టీ గణగణమంటుంది, పగులున్నది బొంగురుగా పలుకుతుంది. అనుమానం ఉన్నదానికి ఇంకో పరీక్ష. కిరసనాయిలు పూసి కాసేపు ఉంచి, పొడిగా తుడిచి, సుద్దముక్క రుద్దుతారు. కంటికి కనపడని పగుల్లోకి దూరిన కిరసనాయిలు పైకి ఊరి, తెల్లటి సుద్దలో వెంట్రుకంత నల్లగీత తేలుతుంది. పెద్ద ఫ్యాక్టరీలు రంగు ద్రావకాలతో చేసే పరీక్షకు మూలం ఇదే. ఆ గీత తేలిన పట్టీ పక్కకు పోవాల్సిందే. వెల్డింగు పెట్టి అతికించమని అడిగే డ్రైవర్లు ఉంటారు. ఒప్పుకోని మిస్త్రీని నమ్మండి. స్ప్రింగు ఉక్కులో కర్బనం అర శాతం దాటి ఉంటుంది. వెల్డింగు వేడికి అతుకు పక్కన ఉక్కు గాజులా పెళుసెక్కి, మొదటి వాగులోనే తెగుతుంది. కట్ట పక్కన వేరే ఏ వెల్డింగు చేస్తున్నా నిప్పురవ్వ పట్టీ మీద పడకుండా తడి గోనె కప్పేవాళ్లు ఉన్నారు. ఒక్క రవ్వ పడ్డ చోటే పగులుకు బీజం పడుతుందని వాళ్లకు తెలుసు.

కొత్త పట్టీని కోసినప్పుడు దాని కొసల్ని చూడండి. మామూలు పనివాడు తిన్నగా, చతురస్రంగా కోసి వదిలేస్తాడు. ఆ పదునైన అంచు పై పట్టీ అడుగును ప్రతి గోతిలో గీకుతుంది. ఏడాదికి అక్కడ గాడి పడుతుంది, గాడిలో పగులు పుడుతుంది. రెండో పట్టీ కొస దగ్గర మెయిన్ పట్టీ విరిగితే కట్ట కట్టినవాడి తప్పని మొదట చెప్పింది ఇందుకే. మంచి మిస్త్రీ కొసను మూలలు తీసి, గ్రైండరుతో అంచును పలచగా జారుడు చేసి, చివర్న వేలితో రాస్తాడు. వేలికి గుచ్చుకుంటే మళ్లీ గ్రైండరు. బండి కింద బిగించాక ఎవరికీ కనిపించని చోటది. డబ్బిచ్చే యజమాని చూడడు, అడగడు. అయినా చేస్తారు.

తర్వాత వంపు. నేల మీద సుద్దతో సరైన వంపు గీసి, పట్టీని దాని మీద పెట్టి సరిచూస్తారు. కూర్చుండిపోయిన పట్టీని రెండు దిమ్మెల మధ్య ఆనించి, లోపలి వైపు సమ్మెటతో కొడుతూ వంపు తెస్తారు. ఒకే చోట రెండు దెబ్బలు పడకూడదు. పడితే అక్కడ మడత వస్తుంది తప్ప వంపు రాదు. నడుమ నుంచి కొసలకు, మళ్లీ కొసల నుంచి నడుమకు, ప్రతి కొన్ని దెబ్బలకు సుద్దగీత మీద పెట్టి చూస్తూ పోతారు. ఇలా చల్లగా కొట్టిన వంపు ఎంతోకాలం నిలవదు. నిజాయితీగల మిస్త్రీ ఆ మాట ముందే చెబుతాడు. నిలిచే వంపు కావాలంటే కొలిమిలో ఉక్కును 850 డిగ్రీల పైదాకా కాల్చి, నూనెలో ముంచి, మళ్లీ 450 నుంచి 500 డిగ్రీల మధ్య కాచి పెళుసుదనం తీయాలి. థర్మామీటరు లేని కొలిమిలో రంగే కొలత. అయస్కాంతం అంటుకోవడం మానిందంటే 770 డిగ్రీలు దాటినట్టు, అక్కడి నుంచి కాస్త పైకి. సమ్మెట పట్టిన తరం తగ్గిపోతున్న చోట ఈ కంటి కొలత కూడా పోతోంది. చాలా షెడ్లు ఇప్పుడు మెయిన్ పట్టీని కంపెనీది కొని, మిగతావి మాత్రం తామే సరిచేస్తున్నాయి. అది మంచిదే. ఫ్యాక్టరీలో సన్న ఉక్కు గుళ్లు చిమ్మి పట్టీ పైపొరను గట్టిచేసే పని రోడ్డు పక్క సాధ్యం కాదు, ఎక్కువ నలిగేది మెయిన్ పట్టీయే.

వంపు అన్ని పట్టీలకూ ఒకటే అనుకుంటే పొరపాటు. కిందికి పోయేకొద్దీ పొట్టి పట్టీలకు వంపు కాస్త కాస్త ఎక్కువ ఇస్తారు. ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు కొసలు ఆని, నడుమ సన్నటి సందు కనిపించాలి. సెంటర్ బోల్టు బిగించగానే ఆ సందు మూసుకుపోతుంది. అలా మూసుకునేటప్పుడు మెయిన్ పట్టీ లోడు వంచే దిక్కుకు ఎదురు దిక్కులో ముందుగానే వంగి కూర్చుంటుంది. రేపు లోడు పడినప్పుడు ముందు ఆ ఎదురు వంపు తీరాలి, ఆ తర్వాతే మెయిన్ పట్టీ నలగడం మొదలవుతుంది. చుట్టలున్న, బండిని పట్టి ఉంచే మెయిన్ పట్టీ విరిగితే ఇరుసే జారిపోతుంది కాబట్టి దాన్ని కాపాడే భారాన్ని కింది పొట్టి పట్టీల మీద వేస్తున్నారు. సందు ఎంత ఉండాలో పనివాడు కంటితో చూసి తేలుస్తాడు. బోల్టు బిగించక ముందు ఆ కట్టను పక్క నుంచి, వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. పట్టీల మధ్య నెలవంకల్లా సన్నటి వెలుగు గీతలు పైనుంచి కిందికి వరసగా అమరి కనిపిస్తాయి. ఆ క్షణంలో అది ఎంత అందమైన వస్తువో మాటల్లో చెప్పలేను.

బిగింపులోనూ ఒక నేర్పుంది. రబ్బరు బుష్ ఉన్న బోల్టును బండి జాకీ మీద వేలాడుతుండగా గట్టిగా బిగించకూడదు. అప్పుడు బిగిస్తే, బండి నేల మీదికి దిగగానే రబ్బరు మెలితిరిగి, ఎప్పటికీ ఆ మెలికలోనే ఉండి చిరుగుతుంది. బండిని నాలుగు చక్రాల మీద నిలబెట్టి, తన ఎత్తుకు అది కూర్చున్నాకే కిందికి దూరి చివరి బిగువు ఇవ్వాలి. ఇరుకులో, చెమటలో, మట్టి రాలుతుంటే చేసే పని. తొందరున్నవాళ్లు ఇక్కడే దాటేస్తారు.

చాసీ అతుకుల పని దీనికి తోడు. లోడుకు చాసీ పగిలితే పక్కన ప్లేటు వేసి వెల్డింగు చేస్తారు. ప్లేటు చివర్లను తిన్నగా కోస్తే బలమంతా ఒక గీత దగ్గర ఆగి, ఆ గీత వెంటే చాసీ మళ్లీ పగులుతుంది. అందుకే చివర్లను ఏటవాలుగా కోస్తారు. చాసీ పై, కింది అంచుల మీద రంధ్రాలు వేయరు, అడ్డంగా వెల్డింగు గీయరు, వేస్తే నడుమ గోడకే. వానాకాలంలో ఈ అడవి గాలికి వెల్డింగు రాడ్లు చెమ్మ పీలుస్తాయి. చెమ్మ రాడ్డుతో వేసిన అతుకు పైకి బాగున్నా లోపల బుడగలు. వాడేముందు రాడ్లను కాచి ఆరబెట్టుకునే షెడ్డు కనిపిస్తే మీ బండి అక్కడ ఇవ్వండి.

ఈ షెడ్లకు ఇంకో రకం గిరాకీ కూడా ఉంది. 2010లో మహీంద్రా థార్ వచ్చింది, 2020లో కొత్త థార్ వచ్చింది. మారేడుమిల్లి ఘాటు, శబరి ఒడ్డు చూడడానికి హైదరాబాదు నుంచి వచ్చే కుర్రాళ్లు బండి ఎత్తు పెంచమని అడుగుతున్నారు. ఎత్తు పెంచడం సులువు, పెంచాక వచ్చేవి సరిచేయడమే కష్టం. పాత జీపుకు షాకిల్ రెండంగుళాలు పొడవు పెంచితే ఆ వైపు బండి లేచేది ఒక అంగుళమే. ముందు వైపైతే ఇరుసు తిరిగి స్టీరింగు తేలిపోతుంది, దాన్ని ఏటవాలు చీలలతో సరిచేయాలి. ప్రొపెల్లర్ షాఫ్టు కోణం మారి క్రాస్ జాయింటు అరుగుతుంది. చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు బ్రేకు పైపు సాగి తెగే ప్రమాదం ఉంది. పైగా చట్టం ఒప్పుకోదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చే మార్పుల్ని నిషేధిస్తుంది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో అదే మాట గట్టిగా చెప్పింది. ఎత్తు కోసం వచ్చినవాడిని వద్దని తిప్పి పంపే మిస్త్రీని చూస్తే నాకు గౌరవం పెరుగుతుంది. అతనికి తెలిసిన పని దానికంటే పెద్దది.

ఎందుకు పెద్దదో చెప్పాలి. 108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న మొదలైంది, ఎన్నో ప్రాణాలు కాపాడింది. అది చేరలేని గూడేలు ఈ అడవుల్లో ఇప్పటికీ ఉన్నాయి. అక్కడి నుంచి నొప్పులు పడుతున్న తల్లిని మంచం మీద మోసుకొచ్చి, దారి దొరికిన చోట జీపులోనో పికప్పులోనో ఎక్కిస్తారు. మిర్చి బస్తాలకు కట్టిన కమాన్ మీద ఆ తల్లి పడుకుంటుంది. వెనక తొట్టిలో ఒక్క మనిషి బరువే ఉన్నప్పుడు కూడా ఆ కట్ట కాస్త వంగాలి. వచ్చేటప్పుడు ఖాళీగా వస్తావా అని మిస్త్రీ అడిగిన ప్రశ్న ఆమె కోసం కూడా. లోడుకు నిలిచి, ఖాళీలో మెత్తగా ఉండేలా కట్టడానికే కొందరు కింద ఒక సహాయ పట్టీని విడిగా పెడతారు. లోడు పడి బండి కొంత దిగాకే అది ఆనుతుంది, అప్పటిదాకా పని చేయదు. ఈ ఆలోచన కంపెనీ బండ్లలోనూ ఉన్నదే. ఫలానా డ్రైవరు, ఫలానా దారి, ఫలానా లోడు చూసి ఆ సహాయ పట్టీ ఎక్కడ ఆనాలో తేల్చేది మాత్రం ఈ షెడ్డు మనిషే.

ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల ఐటీఐలలో, పాలిటెక్నిక్‌లలో మెకానికల్ చదివే పిల్లల్ని ఈ షెడ్లకు తీసుకుపోవాలి. పగులు ముఖం చదవడం, సుద్దతో వంపు చూడడం, వెలుతురులో సందు కొలవడం పుస్తకంలో రావు. వాళ్ల దగ్గరున్న లెక్క ఇక్కడివాళ్లకు చెబితే ఇద్దరికీ మేలు. పాత మిస్త్రీలు ఉండగానే ఈ పని జరగాలి.

బండి ఉన్నవాళ్లకు ఒక మాట. కమాన్ పని చేయించినప్పుడు విప్పిన పట్టీల్ని నేల మీద పరిచి చూపించమనండి. పాత యూ బోల్టులు మళ్లీ వేయనివ్వకండి, కొత్తవి కొనివ్వండి. లోడుతో మొదటి ట్రిప్పు తిరిగి రాగానే, ఐదు వందల కిలోమీటర్లు దాటక ముందే, అదే షెడ్డుకు పోయి యూ బోల్టులు మళ్లీ బిగింపజేసుకోండి.